పరిచయం లేని పిల్లలకు పరిచయం ఎవరు చేయాలి?

(సంఘం వార్షిక సమావేశంలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో చదువు గురించి మాట్లాడుకుంటున్నాము. ఫీజులు, స్కాలర్‌షిప్పులు, పుస్తకాలు, వీటి సంగతి మన సంఘం చూస్తూనే ఉన్నది. ఈసారి చదువు అయిపోయిన తరువాతి సంగతి ఒకటి మీకు మనవి చేస్తాను. అందులో నా తప్పు కూడా కొంత ఉన్నది. అది కూడా దాచకుండా చెప్పుకుంటాను.

నా దగ్గర ఏడవ తరగతి వరకు ఉర్దూ మీడియంలో చదివిన పిల్లవాడొకడు, ఆ తరువాత హైదరాబాదు పోయి ఇంజనీరింగు పూర్తి చేశాడు. తండ్రి బోరు మోటార్లు రిపేరు చేస్తాడు. కొడుకు చదువు కోసం ఉన్న ఒక్క ప్లాటు అమ్ముకున్నాడు. పరీక్షలన్నీ పాసైన ఆ పిల్లవాడు ఎనిమిది నెలలు ఖాళీగా తిరిగి, ఒకనాడు మా ఇంటికి వచ్చి, "సార్, ఎక్కడికి పోయినా ఆ కంపెనీలో తెలిసినవాళ్ళు ఉన్నారా అని అడుగుతున్నారు. నాకెవరున్నారు సార్?" అన్నాడు.

అప్పుడు నేనొక సలహా ఇచ్చాను. "ఉద్యోగస్తులంతా పేర్లు పెట్టుకునే వెబ్‌సైట్లు ఉన్నాయి కదా బేటా, అందులో చేరు. పెద్ద స్థానాల్లో ఉన్నవారికి పరిచయం కోరుతూ రిక్వెస్టులు పెట్టు. దినానికి యాభై మందికి పెట్టు. వందలో ఒక్కరైనా పలకరా?" అన్నాను. గురువు మాట అని పిల్లవాడు అక్షరాలా అట్లాగే చేశాడు. మూడో రోజుకే తెర మీద నోటీసు వచ్చింది. పరిమితి దాటినారు, ఇక మీరు ఎవరికీ రిక్వెస్టు పంపలేరు అని. ఆ తరువాత గుర్తింపు కార్డు కూడా చూపమన్నారు. పదవ తరగతి మెమోలో పేరు ముందు 'ఎండీ' అని ఉన్నది. ఆధార్‌లో 'మహమ్మద్' అని ఉన్నది. వెబ్‌సైటులో తాను ఇంకొక రకంగా రాసుకున్నాడు. మీరు నవ్వుతున్నారు గాని, ఇంటికి పోయి మీ పిల్లల కాగితాలు తీసి చూడండి.

ఆ అకౌంటు మళ్ళీ తెరుచుకునే వరకు ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. "మావాడు ఏం నేరం చేసినాడు సార్, మనుషులను పలకరించుట కూడా నేరమేనా?" అని ఆ తండ్రి నన్ను అడిగినాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే కూర్చొని ఆ నిబంధనల సంగతి తెలుసుకున్నాను.

ఇటువంటి వాటిలో అందరికంటె పెద్దది లింక్డిన్. 2003లో అమెరికాలో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ కంపెనీ దానిని 2,620 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ కొన్న కంపెనీకి అప్పటికే అధిపతిగా ఉన్న సత్య నాదెళ్ళ మన హైదరాబాదులో పుట్టినవాడే. మన దేశంలోనే 10 కోట్ల మందికి పైగా అందులో ఉన్నారు. అందులో ఒకరికి ఎక్కువలో ఎక్కువ 30,000 పరిచయాలు ఉండవచ్చును. కాని వారానికి ఇన్ని రిక్వెస్టులకు మించి పంపరాదని హద్దు ఉన్నది. ఆ హద్దు ఎంతో వారు ఖచ్చితంగా ప్రకటించరు. 2021 నుండి వాడేవారు గమనించింది సుమారు 100. పంపిన రిక్వెస్టును వెనక్కి తీసుకుంటే, అదే మనిషికి మళ్ళీ పంపుటకు మూడు వారాల దాకా ఆగాలి. రిక్వెస్టుతో పాటు నాలుగు మాటలు రాసి పంపే సౌకర్యం, డబ్బు కట్టనివారికి నెలకు కొద్దిసార్లే. అందుకున్నవారు 'ఈ మనిషి నాకు తెలియదు' అని చెప్పే వీలు కూడా ఉన్నది. తెలిసినవారికే పంపండి అన్నది వారి మూల సూత్రం.

ఈ హద్దులు ఊరికే పెట్టినవి కావు. యంత్రాలతో వేలకొద్దీ రిక్వెస్టులు పంపి సరుకు అమ్ముకునేవారున్నారు. దొంగ కంపెనీ పేరుతో రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేసేవారున్నారు. ఇంటర్నెట్టులో ఉద్యోగం ఆశ చూపి కంబోడియాకు, మయన్మారుకు తీసుకుపోయి, సైబర్ మోసాలు చేయించిన ముఠాల చేతిలో మన తెలుగు పిల్లలు కూడా చిక్కుకున్నారు. కనుక తలుపు దగ్గర కాపలా ఉండవలసిందే. మన ఇళ్ళలో కూడా బయట నిలబడి సలాం చెప్పి, లోపలివారు రమ్మంటేనే లోనికి పోతాము. పలకకపోతే తిరిగి వస్తాము. యాభై ఇళ్ళ తలుపులు ఒకేసారి బాదమని పిల్లవాడికి చెప్పినది నేను. అది నా తప్పు.

అయితే న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. తెలిసినవారికే పంపు అన్న నిబంధన అందరి మీద ఒకే విధంగా పడదు. పెద్ద కాలేజీలో చదివి, మేనమామ కంపెనీలో, బాబాయి బ్యాంకులో ఉన్న పిల్లవాడికి వారానికి పది చాలును. ఆత్మకూరు నుండి పోయిన పిల్లవాడికి తెలిసినవారు ఎవరు? నేను, వాళ్ళ నాయన, కిరాణా కొట్టు భాయి. మాలో ఎవరం ఉద్యోగం ఇవ్వగలము?

పరిచయం విలువ మన పాలమూరు వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. మన జిల్లా కూలీలు ఎక్కడెక్కడి ఆనకట్టలకో పనికి పోయినారు. పని ఎక్కడున్నదో మేస్త్రీకి తెలుసు, కూలీకి తెలియదు. ఆ ఒక్క తేడా మీద మేస్త్రీ బతికినాడు, కూలీ అడ్వాన్సు కింద నలిగినాడు. గల్ఫు వీసాల సంగతి కూడా అంతే. సొంత మనిషి పిలిస్తే ఒక దారి, దళారి పిలిస్తే ఇంకొక దారి.

దీని మీద గ్రానోవెటర్ అనే అమెరికా సమాజ శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం ప్రచురించాడు. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊరిలో, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికిన వారిని విచారించాడు. తరచుగా కలిసేవారి ద్వారా దొరికినవి నూటికి 17 కూడా లేవు. అప్పుడప్పుడు కలిసేవారి ద్వారా దొరికినవి నూటికి 55కు పైన. మిగిలినవి చాలా అరుదుగా కలిసేవారి ద్వారా. దగ్గరివారికి తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త సంగతి దూరపువారి దగ్గరే ఉంటుంది, ఇదీ కారణం. 2022లో సైన్స్ అనే పత్రికలో వచ్చిన పరిశోధనలో లింక్డిన్‌లోని 2 కోట్ల మందికి పైగా వివరాలు చూశారు. మరీ దగ్గర కాక, మరీ దూరం కాక, మధ్యరకంగా తెలిసినవారి వల్ల మేలు ఎక్కువని తేలింది.

మధ్యరకంగా తెలిసినవారు అంటే ఎవరు? ఈ హాలులో కూర్చున్న మనమే.

ఆ పిల్లవాడి కథ చివరి భాగం ఇప్పుడు చెబుతాను. అతడు రిక్వెస్టు పెట్టి జవాబు రాని వారిలో ఒకరు, హైదరాబాదులో ఒక కంపెనీలో మంచి హోదాలో ఉన్నారు. ఆయన మన ఊరి మనిషే. వాళ్ళ పాత ఇంటి గోడ మా బడి గోడకు ఆనుకొని ఉన్నది. ఆయన తండ్రి ఈ సంఘంలో సభ్యుడు. తరువాత నేను ఫోను చేస్తే, "అయ్యో సార్, రోజూ ఎన్నో వస్తాయి, మన ఊరి పిల్లవాడని ఎక్కడా రాయలేదు, నేనెట్లా గుర్తుపట్టాలి?" అన్నారు. రెండు గోడల మధ్య ఉన్న మనిషి కోసం మేము లోకమంతా వెతికినాము. పిల్లవాడు ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో తాత్కాలికపు పనిలో ఉన్నాడు. ఇంకా మంచిదాని కోసం ప్రయత్నిస్తున్నాడు.

కావున నా విన్నపాలు మూడు.

ఒకటి. సంఘం ఒక రిజిస్టరు పెట్టాలి. మన ఊరి నుండి పోయి హైదరాబాదులో గాని, బెంగుళూరులో గాని, గల్ఫులో గాని ఉద్యోగం చేసేవారి పేర్లు అందులో ఉండాలి. సిఫారసు చేసి ఉద్యోగం ఇప్పించమని నేను అడగటం లేదు. మన పిల్లవాడి రిక్వెస్టు వస్తే ఒప్పుకొని, తమ కంపెనీలో ఏ చదువుకు ఏ పని ఉన్నదో రెండు మాటలు చెప్పితే చాలును.

రెండు. ఆడపిల్లల కొరకు, ఉద్యోగంలో ఉన్న మన అక్కచెల్లెళ్ళ పేర్లు వేరుగా రాయాలి. కొత్త మగవారికి రిక్వెస్టు పెట్టుటకు అమ్మాయి జంకుతుంది, ఇంట్లోవారూ ఒప్పుకోరు. ఒక అక్క పేరు ముందుంటే ఆ జంకు సగం పోతుంది.

మూడవది పిల్లలకు. ముందుగా కాగితాలన్నిటిలో పేరు ఒకే రకంగా చేయించుకోండి. దినానికి రెండు మూడు రిక్వెస్టులు మించవద్దు. ఊరో, బడో, కాలేజీయో, ఏదో ఒక పోగు కలిసేవారికే పెట్టండి, ఆ పోగు ఏదో మొదటి వాక్యంలోనే రాయండి. మొదటి మాటలోనే ఉద్యోగం అడగవద్దు, వారి పని గురించి అడగండి. డబ్బు అడిగినవాడిని అక్కడే వదిలేయండి.

రిజిస్టరు ఈ రోజే తెచ్చినాను. బయట చాయ్ బల్ల దగ్గర పెట్టినాను. పోయేటప్పుడు మీ కొడుకు, కూతురు, అల్లుడు, ఎవరు ఎక్కడ పని చేస్తున్నారో ఒక్క వరుస రాసి పొండి. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. మొదటి పేజీలో మా బడి గోడ పక్క ఇంటివారి పేరు అప్పుడే రాయించినాను.