ఇసుకలో పాత నాణెం

ఇసుక నేలలో పాత నాణేలు వెతకడానికి మెటల్ డిటెక్టర్ కొనేముందు, ఆ ఇసుక పొడిదా, ఉప్పునీటితో తడిసిందా చూసుకోండి. పొడి ఇసుకకు ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే మామూలు పరికరం చాలు. సముద్రపు తడి ఇసుకలో విద్యుత్తు ప్రసరిస్తుంది కనుక లోహం లేకపోయినా అది మోగుతూనే ఉంటుంది. భీమిలి తీరంలోలాంటి నల్ల ఇసుకైతే మరీ ఇబ్బంది. అక్కడ పల్స్ ఇండక్షన్ రకం నిలకడగా పనిచేస్తుంది గానీ, మేకునూ నాణేన్నీ సరిగ్గా వేరుచేయలేదు. అందుకే ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడే రకమే మేలంటాను. చెత్త లోహాలను వదిలేసే అమరికను మాత్రం మరీ పెంచకండి. శాతవాహనుల సీసపు నాణేల వంటివీ వాటితోపాటే తప్పిపోవచ్చు. భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాల్సిందే.