అక్షరముపై నడచు వెలుగు

చలనచిత్రముల పేరులపై వెలుగు నాడించు విద్యనుగూర్చి ముచ్చటింపుమని రేడియోవారు కోరినపుడు నాకు గలిగిన సంతోషము ఇంతింతనరానిది. తెరపై సినిమాపేరుమీదుగా తెల్లని మెరుపొకటి ఎడమనుండి కుడికి జారిపోవుటను చూడనివారు మీలో నుండరు గనుక, ఆ వర్ణన మాని, ఆ మెరుపు పుట్టుచోటికే మిమ్ము గొనిపోయెదను.

నా యౌవనమున మద్రాసులో టైటిళ్లు తీయు నొక చిన్నగదిలో సహాయకుడనుగా నుంటిని. తెల్లకాగితముపై నల్లసిరాతో వ్రాసిన అక్షరములను లిత్ ఫిల్ముపై ఫొటో తీసినచో, చుట్టును కాటుకవలె నలుపెక్కి, అక్షరముమాత్రము అద్దమువలె స్వచ్ఛమై మిగులును. దానిని గాజుబల్లపై పరచి, క్రింద దీపము వెలిగించి, పైనున్న కెమెరాతో ఒక్కొక్క ఫ్రేమే తీయవలెను. సెకనుకు 24 ఫ్రేములు గనుక, అయిదుసెకన్లపాటు నిలుచు పేరునకు 120 మారులు మీట నొక్కవలెను. అక్షరముచుట్టు పరివేషముకూడ కావలెనన్న, అదే ఫిల్మును వెనుకకు త్రిప్పి, లెన్సునకు పలుచని వలగుడ్డ నడ్డముపెట్టి, మరల 120 మారులు. ఒకపరి నేను త్రిప్పుటలో ఒక్క ఫ్రేము తప్పితిని. ముందునకు దూసుకొనివచ్చు పేరును విడిచి దాని కాంతి ఒక అడుగు వెనుకబడి వచ్చెను. మా గురువుగారు పల్లెత్తుమాట యనక, దీపము వెలిగించి, మొదటినుండి ఆరంభించిరి.

ఆయన చేతిలో ‘శ్రీ’ని చూడవలెను! నిలువుపట్టెవంటి మెరుపును ఎడమనుండి నడిపించినచో, అది మొదట తాకునది మనము చివర వ్రాయు క్రావడి యొంపునే. అనగా కలము నడచినదొక దారి, వెలుగు నడచునది వేరొక దారి. ఇది ఆయనకు సరిపడలేదు. స్వచ్ఛమైన అక్షరమునంతయు నల్లరంగుతో కప్పి, ఫ్రేమునకు ఆవగింజంత చొప్పున సూదిమొనతో గీకుచు, శకారము, దానిపై గుడిదీర్ఘము, పిదప క్రావడి, ఈ క్రమమున వెలుగును పారించెడివారు. ఆ సూదిపని నేడెక్కడను కానరాదు. దానిని తలచుకొన్నపుడెల్ల నా మనసు చివుక్కుమనును.

పాశ్చాత్యులును తక్కువ శ్రమపడలేదు. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో డగ్లస్ ట్రంబుల్ సన్నని చీలికవెనుక చిత్రమును కదల్చుచు, షట్టరు తెరచియుంచి, కెమెరాను నడిపి వెలుగును సాగదీసెను. 1978 నాటి ‘సూపర్‌మేన్’లో నీలికాంతి తోకలతో దూసుకొనివచ్చు పేరులును అట్లు సాగదీసిన వెలుగులే. 1993లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అను కంప్యూటరు ప్రోగ్రాము వచ్చినపిమ్మట గాజుబల్ల అవసరమే తప్పినది.

యంత్రము వచ్చుటను నేను నిందింపను. అందున్న సిద్ధపుమెరుపును ‘అ’కైనను ‘క్ష్మి’కైనను ఒకే తీరున అంటగట్టి, వత్తులను చీకటిలో వదలివేయుటయే నా బాధ. మన లిపిలో సగమందము పంక్తిక్రిందనే యున్నదికదా! అక్షరపు వంపువెంట ఒక గీత గీసి, ఆ గీతవెంటనే వెలుగును నడుపు సదుపాయము అదే కంప్యూటరులో గలదు. గీయుటకు ఓపిక కావలెను.

మొన్న మా మనుమనికి ఈ సంగతి చెప్పితిని. వాడు రెండుగంటలు కూర్చుండి, ‘శ్రీ’ని కలము నడచిన దారినే వెలిగించినాడు. ఆ వెలుగు క్రావడి కొనవరకు వచ్చి, అచట రెండు ఫ్రేములసేపు ఆగి, ఆరినది.