మానవ అక్రమ రవాణా: పరిశోధన చూపు, పౌరుల బాధ్యత



మన మాధవరం బస్సు ప్రాంగణానికి నెల్లూరు, తిరుపతి మార్గాల నుండి నిత్యం బస్సులు వస్తుంటాయి. పిల్లాపాపలతో, మూటాముల్లెతో కూలికి వచ్చే కుటుంబాలూ వాటిలోనుండి దిగుతుంటాయి. వారిలో ఎవరైనా అక్రమ రవాణాకు గురైనవారైతే మనం గుర్తించగలమా?

2000వ సంవత్సరంలో ఐక్యరాజ్య సమితి పాలెర్మో ఒడంబడికను ఆమోదించింది. ఆ తొలినాళ్లలో పరిశోధకుల దృష్టి అధికంగా వ్యభిచార వృత్తిలోకి నెట్టబడిన స్త్రీలపై, బాలికలపై నిలిచింది. మన జాతీయ మానవ హక్కుల సంఘం 2002-2003లో చేయించిన అధ్యయనం కూడా స్త్రీలు, పిల్లల రవాణా గురించినదే. ఆ కృషి అవసరం నేటికీ తీరలేదు.

అయితే క్రమంగా పరిశోధన శ్రమ స్థలాలవైపు కూడా మళ్లింది. ఇసాబెల్ గెరాన్ వంటివారు తమిళనాడు ఇటుక బట్టీలలో, చెరకు కోతలో అప్పుకూ శ్రమకూ గల సంబంధాన్ని పరిశీలించారు. అక్కడ కూలీని ఎవరూ ఎత్తుకొని రారు. మేస్త్రీ చేతి నుండి అడ్వాన్సు పుచ్చుకొని తానే వస్తాడు. ఆ బాకీ తీరేవరకు కదలలేడు. సంకెల కాలికి కాదు, లెక్కల పుస్తకంలో ఉంటుంది.

మన న్యాయం ఈ సత్యాన్ని ముందే గుర్తించింది. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాన్నీ, వెట్టినీ ఒకేచోట నిషేధించింది. పేదరికం వల్ల కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయవలసి రావడమూ నిర్బంధ శ్రమయేనని సర్వోన్నత న్యాయస్థానం 1982లో తీర్పు చెప్పింది. 1976 నాటి వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అటువంటి అప్పు తీర్చవలసిన బాధ్యతే రద్దవుతుంది. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షను ప్రకారం, బాధితుని సమ్మతి నేరస్థునికి రక్ష కాదు.

కనుక "ఇష్టపడే వచ్చారు కదా" అని మనం ముఖం తిప్పుకొనరాదు. కూలి చేతికి అందుతున్నదా? గుర్తింపు కార్డు ఎవరి వద్ద ఉన్నది? ఇంట చావు సంభవించినా వెళ్లనిస్తారా? పిల్లలు బడిలో ఉన్నారా, పనిలో ఉన్నారా? ఈ నాలుగు ప్రశ్నలు చాలు. అనుమానం కలిగితే 112కు, పిల్లల విషయమైతే 1098కి తెలపండి. జిల్లా కలెక్టరుకూ విన్నవించండి. విడుదలైనవారికి విడుదల ధ్రువపత్రం అందేవరకు తోడుండండి. పునరావాస సహాయానికి అదే ఆధారం.

ఆ కుటుంబాలు మాట్లాడేది మన తెలుగే అయినప్పుడు, వారి గోడు మొదట వినవలసినవారమూ మనమే.