బొమ్మొచ్చిందాండీ మేస్టారూ

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, ముందు వరసలో చేతులు కట్టించి కూర్చోబెట్టిన పిల్లలకి, వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ పూర్వ విద్యార్థులకి నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఇది పదహారోదో పదిహేడోదో. మా ఆవిడ వీటిని బీరువాలో దొంతర పెట్టి, ఎవరింట్లో శుభకార్యం వచ్చినా ఒకటి తీసి పట్టుకెళ్తోంది. కాబట్టి ఇవాళ మీరు నాకు కప్పింది రేపు మీ ఇంటికే రావచ్చు, గుర్తుపట్టినా పైకి అనకండి.

నన్ను పరిచయం చేసిన అబ్బాయి ‘తెలుగు పండితులు’ అన్నాడు. కాదు బాబూ, హిందీ పండిట్‌ని. ముప్ఫై నాలుగేళ్ళు ఈ కోనసీమలో హిందీ చెప్పాను. అంటే ఏమిటో ఇక్కడున్న ఉపాధ్యాయ మిత్రులకి వేరే చెప్పక్కర్లేదు. పదో తరగతిలో తెలుగుకీ లెక్కలకీ 35 వస్తేగాని పాసవరు. హిందీకి 20 చాలు. ఆ ఇరవై కోసం ఎవడు కష్టపడతాడు? నా పీరియడ్లో లెక్కలు చేసుకునేవాళ్ళు, సైన్సు బొమ్మలు వేసుకునేవాళ్ళు. ఎన్నిసార్లో మా లెక్కల మేస్టారు గుమ్మంలోకి వచ్చి, “పండిట్ గారూ, సిలబస్ అవలేదండీ, మీ గంట ఇచ్చెయ్యండి” అని చాక్‌పీసు నా చేతిలోంచే పుచ్చుకున్నారు. నేను ఇచ్చేసేవాణ్ణి.

కరపత్రంలో మూడు అంశాలు అచ్చువేశారు. విద్య, పిల్లలు - టెలివిజన్, కృతజ్ఞత. అరగంటలో మూడూ చెప్పాలట. ప్రయత్నిస్తాను.

మొదట విద్య. మాది రాజోలు వైపు. చదువుకి అమలాపురం రావాలంటే బోడసకుర్రు రేవు దగ్గర పడవ మీద గోదారి పాయ వైనతేయ దాటాలి. వరదొస్తే బడి లేదు. అంత కష్టపడి చదివాం అని మా తరం వాళ్ళు గొప్పలు చెప్పుకుంటాం గాని, నిజం చెప్పొద్దూ, వరదొస్తే మాకు పండగే. ఇప్పుడు వంతెన ఉంది, బస్సుంది, ఇంటి ముందుకి పసుపు రంగు వ్యాను వస్తుంది. పిల్లాడు గోదారి దాటుతూ కిటికీలోంచి తల తిప్పి చూడడు. అది నా బాధ. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారు ‘పాలేరు’ నాటకం రాశారు. ఆ నాటకం చూసి కూలినాలి చేసుకునే తండ్రులు పిల్లల్ని బడికి పంపారని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. విద్య గురించి అంతకన్నా నేను చెప్పేదేముంది? ఒక్క నాటకం చేసిన పని నా ముప్ఫై నాలుగేళ్ళూ చెయ్యలేదు.

ఇక టెలివిజన్. దాన్ని నేను తిడతానని ఆశపడి పిలిచినట్టున్నారు. తిడతాను. పెరుగన్నం కలిపి గిన్నె చేత్తో పట్టుకుని, ఫోనులో బొమ్మ పెట్టి, పిల్ల నోరు తెరిచినప్పుడు ముద్ద పెడుతున్నారు. ఏం తిన్నావే అంటే ఆ పిల్లకి తెలీదు. మా మనవరాలు హైదరాబాదులో ఇంతే. పైగా ఛోటా భీమ్, డోరేమాన్ చూసీ చూసీ గడగడా హిందీ మాట్లాడుతోంది. లింగ దోషం కూడా లేదు! మద్రాసు హిందీ ప్రచార సభ వారి ప్రాథమిక నుంచి ప్రవీణ దాకా మెట్టు మెట్టూ ఎక్కి పాసైనవాణ్ణి నేను. ‘దహీ’ పుంలింగమో స్త్రీలింగమో నన్నొకసారి అది దిద్దింది. నా ఉద్యోగమంతా చెయ్యలేని పని ఒక నీలిరంగు పిల్లి చేసేసింది. ఎవరితో చెప్పుకోను?

అసలు మన పల్లెల్లోకి టీవీ వచ్చిందే మేస్టారు వేషంలో. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, ఏడాది పాటు, అమెరికా వాళ్ళ ఉపగ్రహం అరువు తీసుకుని మన ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి కార్యక్రమాలు పంపింది. పొద్దున బడిపిల్లలకి పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్ళకి సేద్యం, ఆరోగ్యం. ఆంధ్రదేశంలోనూ కొన్ని పల్లెలకి ఆ పెట్టెలు ఇచ్చారు, మన కోనసీమకి కాదు. ఆ తర్వాత 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది. మా ఊరికి బొమ్మ రావడానికి మరో పదేళ్ళు పట్టింది. ఆ సంగతి కాస్త చెప్పాలి.

(ఎవరిదో ఫోను మోగుతోంది. పాట బావుంది. కానివ్వండి, మాట్లాడుకున్నాక మొదలుపెడతాను... అయిందా?)

1988లో జీపీఎఫ్ లోను పెట్టి టీవీ కొన్నాను. నలుపు తెలుపు పెట్టె, ముందు రెండు చెక్క తలుపులు, తాళం కూడా ఉండేది. యాంటెన్నా వెదురు బొంగుకి కట్టి డాబా మీద నిలబెడితే బొమ్మ బదులు చీమలు పాకేవి. ఎత్తు చాలదన్నారు. మా దొడ్లో నూతి పక్కన అరవై అడుగుల కొబ్బరిచెట్టు ఉంది. మా చెట్లకి దింపు తీసే ఆయన దాని మొవ్వు పక్కన యాంటెన్నా కట్టిపెట్టాడు. అక్టోబరు 2న చోప్రా గారి ‘మహాభారత్’ మొదలైంది. ఆదివారం తొమ్మిదింటికి మా వరండాలో చెప్పులు లెక్కపెడితే అరవై జతలు దాటేవి. చెప్పుల్లేని వాళ్ళని మీరే వేసుకోండి.

పొద్దున్నే ఎనిమిదిన్నరకి ఆ దింపు తీసే ఆయన వచ్చేవాడు. కాళ్ళకి తాడు బంధం వేసుకుని, చెట్టుని కావిలించుకుని, కప్పలా ఒక్కో దూకూ పైకి పాకేవాడు. అక్కణ్ణుంచి యాంటెన్నా పట్టుకుని అరిచేవాడు:

“బొమ్మొచ్చిందాండీ మేస్టారూ?”

“రాలేదు. కాస్త రాజోలు వైపు తిప్పు.”

“ఇప్పుడోండీ?”

“వచ్చింది. పోయింది. ఆఁ, అలా ఉంచు, అలా ఉంచు!”

“ఆయ్.”

వచ్చిన జనానికి ఒక్క ముక్క హిందీ రాదు. రానిది ఎవరి పుణ్యమో చెప్పానుగా. దాంతో నేను పెట్టె పక్కన కుర్చీ వేసుకుని, భీష్ముడు ఓ మాట అనగానే తెలుగులో అందించేవాణ్ణి. ఆ సంభాషణలు రాసింది రాహీ మాసూమ్ రజా అనే ఉర్దూ విద్వాంసుడు. ఎంత అందమైన హిందీ అది! సోమవారం క్లాసులో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు భ్రాతాశ్రీ అని పిలుచుకునేవాళ్ళు. లెక్కల మేస్టారికి మామాశ్రీ అని పేరు పెట్టారు, శకుని అన్నమాట. దానికి నేను సంతోషించలేదని అబద్ధం చెప్పను. 1990 జూన్ 24 దాకా, 94 భాగాలు. నా గంట ఎవరూ అడిగి పుచ్చుకోని రోజులు అవే.

ద్రౌపదీ వస్త్రాపహరణం వారం. దుశ్శాసనుడు జుట్టు పట్టుకున్నాడు, కరెంటు పోయింది. వరండా అంతా ఒక్కటే గోల. ఏం తోచిందో, నేను లేచి సభాపర్వం అందుకున్నాను. నన్నయ గారి పద్యాలు మా నాన్న దగ్గర నేర్చుకున్నవి, ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ వినిపించే అవకాశం రాలేదు. పద్యం చదవడం, అర్థం చెప్పడం. గోల ఆగింది. ఒక ముసలావిడ ఏడుస్తోంది. భీముడి ప్రతిజ్ఞ దగ్గరికి వచ్చాను. సరిగ్గా అప్పుడు చెట్టు మీంచి కేక.

“కరెంటొచ్చిందండీ! బొమ్మొచ్చిందాండీ మేస్టారూ?”

“నోరు ముయ్యవయ్యా!” అన్నాను. అంతమంది ముందు. నాకన్నా పదేళ్ళు పెద్దవాడు. పైనుంచి “ఆయ్” అన్నాడంతే.

దింపు తీస్తే చెట్టుకింత అని కూలి ఉంది. యాంటెన్నా తిప్పితే ఇంత అని లేదు. ఆయన అడగలేదు, నాకు తట్టలేదు. మా ఆవిడ కాఫీ ఇచ్చేది అనుకుంటాను. ఇచ్చేదా అని మొన్న అడిగితే, మీరిస్తున్నారనుకున్నా అంది.

పులిహోర వాసన వస్తోంది. వంట అయినట్టుంది, పిల్లలు అటే చూస్తున్నారు. సరే, కృతజ్ఞత అనే మూడో అంశం ఇక్కడే ఎత్తుకుంటాను. ఏమ్మా, రెండు జడల పాపా, నువ్వే. డొక్కా సీతమ్మ గారెవరో తెలుసా?

విన్నారా? “మధ్యాహ్నం భోజనం అండి” అంటోంది. నవ్వకండి, తప్పు కాదు. 2024లో బడి భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. గన్నవరం దగ్గర వైనతేయ మీద కొత్త అక్విడక్టుకీ ఆవిడ పేరే. 1909లో పోయిన లంకల గన్నవరం ఇల్లాలు. ఓసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరితే, దారిలో ఎవరో పెళ్ళివారు, ‘ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మ గారింటికి వెళితే అన్నం దొరుకుతుంది’ అని పిల్లల్ని ఊరుకోబెడుతున్నారట. అది విని పల్లకీ వెనక్కి తిప్పించిందని మన వైపు చెప్పుకుంటారు. ఆ పెళ్ళివారు తిని వెళ్ళారు. తమ కోసం ఆవిడ ఏం వదులుకుని వచ్చిందో వాళ్ళకి తెలిసిందో లేదో కథలో ఉండదు. ఇన్నాళ్ళూ నేనూ అడగలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుఫానులో మా యాంటెన్నా చెట్టు నూతి మీద అడ్డంగా పడింది. కోనసీమంతా కొబ్బరిచెట్లు నేల కరిచాయి. దింపు తీసేవాళ్ళకి ఎక్కడానికి చెట్టు లేదు. మూడోరోజు ఆయన గొడ్డలి పట్టుకొచ్చి మానుని ముక్కలు చేశాడు. వంకరపోయిన యాంటెన్నాని విడిగా తీసి గోడకి చేర్చి, “ఇనప సామాన్లోడికి వేసెయ్యకండే” అన్నాడు. అప్పటికి మా ఇంటికి కేబులు వచ్చి ఏడాది. వేసేశాను.

ఆయన కొడుకు నా విద్యార్థే. హిందీలో 71 వచ్చాయి, మా బడి రికార్డు. ఇప్పుడు రైల్వేలో ఉన్నాడు, ఏటా సెప్టెంబరు 5న ఫోను చేస్తాడు. మూడేళ్ళ కిందట మాటల్లో అన్నాడు: “మా నాన్న మీ టీవీలో భారతం ఒక్క వారం కూడా చూళ్ళేదండి. చెట్టు మొదట్లో కూర్చునేవోడు. గాలేస్తే మళ్ళీ ఎక్కాలి కదండీ. మీరు చెప్పేది వినేవోడు. రాత్రి మాకు, మా అమ్మకి మీ మాటల్లోనే చెప్పేవోడండి. మీరు చదివిన పజ్జెం ఒకటి సగం దాకా వచ్చేసింది.”

వారం తిరక్కుండా వాళ్ళ ఊరెళ్ళాను. ఏం చెప్పాలో దారంతా వల్లెవేసుకున్నాను, పాఠం చెప్పబోయే ట్రైనింగు కుర్రాడిలా. అరుగు మీద నులకమంచంలో ఉన్నాడు. చూపు బాగా ఆనడం లేదు. గొంతు గుర్తుపట్టి లేవబోయాడు. అరికాళ్ళు బంధం ఒరుసుకుని కాయలు కాసి, పగిలి, తాటి మట్టల్లా ఉన్నాయి. అవి చూశాక వల్లెవేసిందంతా మర్చిపోయాను. పక్కన కూర్చున్నాను. ఇంట్లోంచి కోడలు కాఫీ పట్టుకొచ్చింది. తాగాను.

కాసేపటికి ఆయనే అడిగాడు. “ఇప్పుడు బొమ్మ బాగా వత్తందాండీ మేస్టారూ?”

“వస్తోందయ్యా. కేబులు కదా, ఎవరూ చెట్టెక్కక్కర్లేదు” అన్నాను.

“ఆయ్” అన్నాడు.