నడుము నొప్పికి మందు లేని వైద్యం



ఏలూరు చుట్టుపక్కల ఊడ్పులకు వెళ్ళే ఆడవాళ్ళకు పొద్దస్తమానం వంగుడే. కొల్లేటి పక్క రొయ్యల షెడ్లలో గంటల తరబడి నిలబడి తలలు తీయాలి. తాడేపల్లిగూడెం మార్కెట్లో కూర్చుని ఉల్లిపాయలు ఏరాలి. పనులు వేరు, నొప్పి ఒకటే. నడుము పట్టేస్తే ఆ రోజు కూలి పోయినట్టే.

మూడు నెలలు దాటినా తగ్గకపోతే అది దీర్ఘకాలపు నొప్పి. దానికి రోజూ నొప్పి బిళ్ళ మింగితే కడుపులో పుండు పడవచ్చు. మూత్రపిండాలు చెడవచ్చు. మరి బిళ్ళ లేకుండా ఏం చేయాలి?

ఉప్పు మూట, ఇసుక మూట, వావిలాకు నీళ్ళు అమ్మమ్మల నాటివి. వేడి తగిలితే బిగిసిన కండ సడలుతుంది. నిద్ర పడుతుంది. కానీ ఆ సుఖం కాసేపే. షుగరు ఉండి స్పర్శ తగ్గినవాళ్ళకు ఒళ్ళు కాలినా తెలియదు. వాళ్ళకు ఇంకొకరు మూటను ముట్టి చూసి పెట్టాలి. మర్దనా మంచిదే. నూనె ఏదైనా ఫరవాలేదు, చెయ్యి మెత్తగా ఉండాలి. వాతలు మాత్రం వద్దే వద్దు. పుండు మిగులుతుంది, నొప్పి పోదు.

బెల్టు సంగతేమిటి? దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టులు మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. వ్యాయామం మేలు చేస్తుందని చెప్పింది. అది డబ్బు పెట్టి కొనేది కాదు గదా!

"రోజంతా వంగుతున్నాం, ఇంకా వ్యాయామమా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ పని ఒంటిని ఒకే తీరున వంచుతుంది. వ్యాయామం బిగిసిన కండను సాగదీస్తుంది, నీరసించిన కండకు బలం ఇస్తుంది.

చాప మీద వెల్లకిలా పడుకోండి. ఒక మోకాలిని రెండు చేతులతో పొట్ట దగ్గరకు లాక్కోండి. పది లెక్కపెట్టి వదలండి. రెండోది కూడా అంతే. తర్వాత మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించి, నడుము పైకెత్తండి. ఐదు లెక్కపెట్టి దించండి. మొదట్లో ఐదుసార్లు చాలు, పోనుపోను పదిసార్లు చేయవచ్చు. వారంలో గుణం కనబడదు. నెలన్నర, రెండు నెలలు ఓపిక పట్టాలి. నొప్పని రోజుల తరబడి మంచం ఎక్కితే కండ ఇంకా నీరసిస్తుంది.

ఊడ్పుల్లో అప్పుడప్పుడూ నిలబడి, నడుం మీద చేతులు పెట్టి, మెల్లగా వెనక్కి వంగండి. ఒక్కత్తే లేస్తే మేస్త్రి గొణుగుతాడు. ముఠా అంతా ఒక్కసారే లేస్తే ఏమంటాడు?

కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం ఆగకపోయినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కిందపడ్డాక నొప్పి మొదలైనా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అప్పుడు కాపడం పెట్టుకుంటూ ఇంట్లో కూర్చోకూడదు.