పెద్దల జీవితకథలకు వ్రాయసకాడు

తల్లిదండ్రులారా,

మన యిండ్లలో తెలుగు మాటలాడు పెద్దలు గలరు. తెలుగు వ్రాయగలవారు తక్కువ. వారి జీవితకథ పుస్తకము కావలెనన్న వేరొకరి చేయి కావలెను. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. చూపు కోల్పోయిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు సైతము ఇతరులచే వ్రాయించిరి. అర్థము తెలియక అక్షరము వ్రాయరాదని వ్యాసుడు వినాయకునికి నియమము పెట్టెనని కథ గలదు గదా! మేమును ఆ నియమమునే ముందు చూచెదము. పండితుడని, పేరుపడినవాడని ఎవరినో పిలువకుడు. మన హోసూరు వైపు రైతు "మడక" యన్నదానిని అతడు "నాగలి" యని దిద్దినచో ఆ పుటలో తాతగారి గొంతు వినబడదు. తమిళ, కన్నడ పదములు దొరలినను ఉండనిండు. అవి మనము బ్రదికిన యూళ్ళ గుర్తులు.

మొదట ఒక్క ఘట్టము, పెండ్లియో కరవో, వ్రాయించి పెద్దలకు చదివి వినిపింపుడు. "నేనిట్లనలేదే" యని వారు పలుమారులన్నచో వేరొకరిని వెదకుడు. ప్రతిఫలమెంత, పుస్తకముపై ఎవరి పేరు, ఏ కుటుంబ విషయములు వెలికి రారాదు, ఇవన్నియు ముందే కాగితముపై నుండవలెను. వ్రాయువాడు బంధువైనచో మరింత అవసరము.

డబ్బిచ్చి వ్రాయించు స్తోమత అందరకు నుండదు. మన పాఠశాల పై తరగతుల పిల్లలు ఈ పనికి తగుదురని మా నమ్మకము. ఈ వేసవిలో వారిని అవ్వ చెంత కూర్చుండబెట్టుడు. వ్రాసినదానికి రెండు ప్రతులు తీసి, ఒకటి ఇంట నుంచుకొని, అవ్వ సమ్మతించినచో రెండవది పాఠశాల గ్రంథాలయమునకు పంపుడు.