కాళ్లు కడుక్కునే చోటు



నమాజుకు ముందు మేం వజూ చేస్తాం. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా కడిగి, తల తడిచేత్తో తుడిచి, చివర చీలమండల దాకా కాళ్లు కడుక్కుంటాం. చెంబెడు నీళ్లు చాలు.

మొన్న దర్శి నుంచి పోతూ ఒక బస్టాండులో దిగి, సింకులో కాలు పెట్టాను. "ముఖం కడిగే చోట కాళ్లేంటమ్మా?" అందొకామె. ఆమెది తప్పనను. సరేనని కింద కడిగితే నీళ్లు నిలిచి ఒక ముసలమ్మ జారబోయింది. మరి నేనెక్కడికి పోను? మా మగవాళ్లకు మసీదులో కుళాయిలున్నాయి, కూర్చోను అరుగులున్నాయి. ఆడవాళ్లూ మసీదుకు రావచ్చని ముస్లిం పర్సనల్ లా బోర్డే 2020లో సుప్రీంకోర్టుకు చెప్పింది. మా వైపు ఎన్ని మసీదుల్లో మాకు చోటుంది?

అడిగేది ఇంతే. ఆడవాళ్ల వైపు మోకాలెత్తున ఒక కుళాయి, అరుగు, నీళ్లు పోయే కాలవ, అడ్డుగోడ. మిరప కోతల నుంచి చేతులు మండుతూ వచ్చేవాళ్లూ, బిడ్డల కాళ్లు కడిగే తల్లులూ అక్కడే కడుక్కుంటారు.

"మతానికి సర్కారు డబ్బా?" అంటారు. ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాల దగ్గర మతం, కులం, ఆడా మగా అని ఎవరినీ ఆపరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. అది కుళాయి కట్టించమనదు, నిజమే. అందుకే అర్జీ రాస్తున్నాం.

అందులో "వజూ" అన్న మాట ఉంచాలా, "కాళ్లు కడిగే కుళాయి" అని సరిపెట్టాలా అని మాలో తగవు. ఉంచాలనే నేనంటున్నాను. ఇక్కడే సంతకాలు, వేలిముద్రలు పెట్టి వెళ్లండి.